పొడి జడ

నవంబరు 3, సోమవారం

యూనివర్సిటీలో స్విమ్మింగ్, డైవింగ్ మొదలై యాభై ఏళ్ళట. సావనీర్‌లో ఆ చరిత్ర నన్ను రాయమన్నారు. ఫిజికల్ డైరెక్టర్‌వి నువ్వే, ఒకప్పుడు ఇక్కడే ఈదినదానివీ నువ్వే, ఇంకెవరు రాస్తారమ్మా రాజ్యలక్ష్మీ అని కమిటీ ఛైర్మన్ రామకోటేశ్వరరావు గారు నవ్వారు. పన్నెండు పేజీలు. డిసెంబరు ఒకటిన కొత్త డైవింగ్ పూల్ ఓపెనింగ్ నాటికి పుస్తకం చేతిలో ఉండాలట.

సరేనన్నాను. నోరు మూసుకుని ఊరుకోవాల్సింది.

నవంబరు 5

మొదటి పద్దెనిమిదేళ్ళు మాకు పూలే లేదు. ఈ పిల్లలకి చెప్తే నమ్మరు. పటమట దాటాక బందరు కాలువ లాకుల దగ్గర ప్రాక్టీసు. గోడకి చెక్క బిగించి దాన్నే స్ప్రింగ్‌బోర్డు అన్నాం. కోచ్ ఎల్లారావు గారు. సముద్రం మీద వేటకెళ్ళే ఇంట్లో పుట్టిన మనిషి. డిగ్రీ లేదు, పార్ట్‌టైమ్.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. కాలువ నీళ్ళు బురద, అడుగు కనపడదు, మట్టం రోజుకో రకం. అందుకని డైవింగ్‌కి ముందు ఒకరు నిలువునా మునిగి, కాళ్ళు నేలకి తాకించి, చేతిలోని తెడ్డు పైకెత్తాలి. తెడ్డు కొస కూడా నీళ్ళలోనే ఉంటేనే ఆయన విజిల్ ఊదేవారు.

నవంబరు 6

1989 దాకా వచ్చి ఆపేశాను.

నవంబరు 10

రామకోటేశ్వరరావు గారు 1989ని ఒక్క లైన్లో తేల్చెయ్యమన్నారు. అనివార్య కారణాల వల్ల ఆ ఏడాది పోటీల్లో పాల్గొనలేదని. శుభమా అని సంబరం చేసుకుంటుంటే చావు మాటెందుకమ్మా అన్నారు. ఎల్లారావు పేరూ వద్దట, తీసేసిన మనిషి కదా అని. సూర్యప్రకాష్ అంటే ఎవరని అడిగారు. మాకు డైవింగ్‌లో మొట్టమొదటి మెడల్ తెచ్చిన పిల్లాడండీ అన్నాను.

ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో నాకే తెలియాలి.

నవంబరు 11

ఇక్కడైనా రాసేస్తాను.

1989 ఏప్రిల్ 21, శుక్రవారం. నాలుగు రోజుల్లో సెలక్షన్స్. లోతు చూసే వంతు నాది. సాయంత్రం అక్క నిశ్చితార్థం. అమ్మ తెల్లారకుండానే తలంటి, సాంబ్రాణి పొగ వేసి, జడలో మల్లెపూలు పెట్టింది. ఆ జడని బురదలో ముంచబుద్ధి కాలేదు. మెట్ల మీద నడుము లోతు దిగి, తెడ్డు నీళ్ళలో దించి తీసి, లోతు ఉందండీ అని అరిచాను. నిన్న ఉన్న నీళ్ళు ఇవాళ ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను. వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేస్తారని తెలిసిన ఊరిదాన్నే. అంతకు ముందు రోజే కట్టేశారు.

సూర్యప్రకాష్ నాకు చెయ్యి ఊపి దూకాడు. మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. ఇరవై ఏళ్ళవాడు.

నన్నెవరూ అడగలేదు. ముప్ఫయ్యారేళ్ళు నేనూ చెప్పలేదు.

నవంబరు 14

రికార్డు రూములో ఎంక్వైరీ ఫైలు దొరికింది. అందులో ఎల్లారావు గారి స్టేట్‌మెంటు. ఆ రోజు లోతు చూడమని ఎవరికీ చెప్పలేదట, మట్టం తగ్గిన సంగతి తనకి తెలియలేదట. కింద సంతకం. ఆ ముక్క పట్టుకునే ఆయన్ని తీసేశారు. ఫైలు మొత్తంలో నా పేరు లేదు.

నవంబరు 16, ఆదివారం

బస్సెక్కి చల్లపల్లి వెళ్ళాను. ఎల్లారావు గారు కూతురు కనకదుర్గ ఇంట్లో ఉంటున్నారు. ఎనభై దాటాయి. చూడగానే గుర్తుపట్టారు. కాఫీ రాకముందే మొత్తం చెప్పేశాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

నాకు తెలుసమ్మా అన్నారు. అవతలి గట్టు నుంచే నీ జడ కనపడింది, పొడిగా ఉంది, పూలు కూడా నలగలేదు అన్నారు. చూసే విజిల్ ఊదాను అన్నారు. మళ్ళీ దిగమంటే పది నిమిషాలు పోద్ది, సెలక్షన్లు నెత్తి మీదున్నాయి, వాడికి ఇంకో మెడలొస్తే నన్ను పర్మినెంట్ చేస్తారని ఆశ అన్నారు. పంతొమ్మిదేళ్ళ పిల్లవి, నీ పేరు చెప్పి నేను బాగుపడేదేముంది అన్నారు.

ఉద్యోగం పోయినందుకు బాధ లేదట. నీళ్ళ మట్టం తెలియనివాడని మా వాళ్ళలో పేరు పడిపోయిందమ్మా, పడవెక్కితే నవ్వేవాళ్ళు అన్నారు. రాసేటట్టయితే తెలియక కాదు, తొందరపడి ఊదాడని రాయమన్నారు. ఆ కుర్రోడి పేరు ముందు పెట్టమన్నారు.

బయల్దేరుతుంటే కనకదుర్గ చూరులోంచి పాత తెడ్డు తీసి ఇచ్చింది. బస్సులో అందరూ దాన్నే చూశారు.

నవంబరు 17

రాశాను. పేజీ నిండా. ముగ్గురి పేర్లూ.

నవంబరు 19

రామకోటేశ్వరరావు గారు తలుపేసి కూర్చోబెట్టారు. మూడేళ్ళ సర్వీసుంది, ఏరి కోరి తలకి చుట్టుకుంటావా అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, నిజంగానే భయపడ్డారు. ఆ పేజీ తీసేస్తే మిగతా పేజీల కింద నా పేరు వద్దండీ అన్నాను.

నవంబరు 27

పుస్తకం వచ్చింది. పదకొండు పేజీలు. 1989, అనివార్య కారణాలు. నా పేరు లేదు.

డిసెంబరు 1

రిబ్బను కత్తిరించారు. మొదటి డైవ్‌కి మా టీమ్ పిల్ల అక్షయ బోర్డెక్కింది. విజిల్ నా దగ్గర. లోతెంతో గోడ మీద అంకెల్లో రాసే ఉంది. ఆగమని, చీరతోనే తెడ్డు పట్టుకుని దిగాను. తెడ్డు మునిగింది. పైకొచ్చి ఎందుకు దిగానో అందరికీ చెప్పాను. సూర్యప్రకాష్ పేరు ముందు చెప్పాను. తర్వాత విజిల్ ఊదాను.

జడ ఇంకా ఆరలేదు.