కేసు కట్టకు నాన్న కుట్టు

నాన్నా, నేను కులాసా. నా ఫీజు కోసం రెండో కుట్టు మిషను అమ్మొద్దు, బేరం వద్దని చెప్పేయ్.

కాలేజీ మారుతున్నాను గానీ, ఆ పెద్ద లా కాలేజీకి కాదు. అక్కడ చదివితే ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుందన్నది నిజమే, ఫీజే మన తాహతుకు మించింది. కోర్టు పక్కనున్న చిన్న కాలేజీలో అందులో సగం కూడా లేదు. ఎటూ తేలక సోమవారం ఒక లాయరమ్మ దగ్గరికి సలహాకి వెళ్లాను. ఆవిడేమో వాయిదాకి వేళైపోతోందని కంగారులో ఉన్నారు, చేతిలో కేసు కాగితాల కట్ట కుట్లు ఊడి జారిపోతోంది. బల్ల మీదున్న సూదీ దారం అందుకుని, నువ్వు కోటు అంచుకు వేసినట్టే గట్టిగా కుట్టిచ్చాను. మధ్యాహ్నం తిరిగొచ్చి కట్టను లాగి చూశారు.

"ఎవరు నేర్పారమ్మా ఈ కుట్టు?"

"మా నాన్నండీ. టైలరు."

"చిన్న కాలేజీలోనే చేరిపో. సాయంత్రాలు నా దగ్గర పని నేర్చుకో. చదువైపోయాక జూనియర్‌గా ఉండిపోదువుగాని."

చిన్నప్పుడు వంకరపోయిందంటూ ఒక్కో కుట్టూ మూడేసిసార్లు విప్పించేవాడివి. అప్పుడు లోలోపల తిట్టుకున్న తిట్లన్నీ ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా సైకిలు తమ్ముణ్ణి తొక్కుకోమను. లావు సూదులు నాలుగు పంపు. లాయరు కోటు మాత్రం బజార్లో కొనను. అది ఆ రెండో మిషను మీదే కుట్టాలి.

ఇద్దరికీ దండాలతో,
నీ పెద్దది