కురచైన నాలుగో ఫ్రేము

అన్నయ్యకు,

చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ అమ్మా నాన్నా నేనూ ముగ్గురం క్షేమం. నువ్వు కూడా వేళకి తిని, కంటినిండా నిద్రపోతూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను. రేపు మధ్యాహ్నానికి నీ చేతికి అందుతుందని వాళ్లు గట్టిగా చెప్పారు. ఆదివారం పొద్దున నీ గది తలుపు ఎవరైనా తడితే, ఇది చివరిదాకా చదివాకే గడియ తియ్యి. ఎందుకో చెబుతాను. ఉన్నపళంగా చెప్పే ధైర్యమే ఉంటే ఇన్ని కాగితాలు పట్టేవి కావు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఈ రెండు వారాల్లో రెండుసార్లు చేశాను, గుర్తుందా? రెండుసార్లూ పరీక్షల గురించి వాగి పెట్టేశాను. నా గొంతు అబద్ధానికి బాగా అలవాటు పడింది. కాగితం ముందు దాని ఆటలు సాగవు.

ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం. మా కొట్టు మాస్టారు భోజనానికి వెళ్లారు. ఫ్రేముల కొట్టులో గాజు కోసే బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. ‘ఏ ఫ్రేములు ఎంచావు, పెన్సిలుముక్కా?’ అని అడిగావు. నువ్వు గీసిన పిల్లల బొమ్మల పుస్తకంలోని ఐదు బొమ్మల్ని పెద్ద ప్రింట్లుగా యాభై సెట్లు మాత్రమే వేయడం, అందులో పదిహేడో సెట్టు మన లైబ్రరీవాళ్లు కొనడం, అది సరాసరి నేను పనిచేసే కొట్టుకే రావడం నాకింకా కలలాగే ఉంది. అట్టపెట్టె విప్పి నీ సంతకం చూసి నేను వేసిన కేకకి మాస్టారి చేతిలో సుత్తి జారి పడింది. ఎంపికంతా ఆయన నాకే వదిలేశారు. “మీ అన్న గీసినవాటిని నువ్వు కాక ఎవరు ముస్తాబు చేస్తారు? కానీ ముస్తాబు ఎక్కువై మనిషి కనబడకుండా పోకూడదు సుమా” అన్నారు.

మొదట సన్నటి నల్ల ఫ్రేము అనుకున్నాను. నమూనా ముక్క తెచ్చి బొమ్మ మూలకు ఆనించి చూస్తే, నువ్వు మందంగా వేసిన నల్లగీతలన్నీ వెలవెలబోయాయి. చివరికి ముదురు గోధుమరంగు చెక్క, వేలెడు వెడల్పుది తీసుకున్నాను. బొమ్మ చుట్టూ వచ్చే అట్ట ఉంది కదా, మ్యాట్ అంటారు, అది తెల్లది పెడదామంటే నీ కాగితం మీగడరంగు. పక్కన తళతళలాడే తెలుపు వచ్చేసరికి పాపం జ్వరం పడ్డ మొహంలా పాలిపోయింది. అందుకని దంతపు రంగు అట్ట తెచ్చాను. ఎలుగుబంటి సూదిలో దారం ఎక్కించే బొమ్మకు మాత్రం ఎర్ర అట్ట పెడదామని ముచ్చటపడ్డాను. మాస్టారు కళ్లజోడు పైకి నెట్టి, “బొమ్మ కంటే ముందు అట్ట పలకరిస్తే ఎలా తల్లీ? ఇంటాయన్ని మాట్లాడనివ్వకుండా కాపలావాడే కబుర్లు చెప్పినట్టుంటుంది” అన్నారు. ఎర్రది మానేశాను.

గాజా, ప్లాస్టిక్కా అని అడిగావు. గాజే. ఎండకు రంగు వెలవకుండా ఆపే రకం. బొమ్మకూ గాజుకూ మధ్య అట్ట మందమంత ఖాళీ ఉంది కాబట్టి వానాకాలం చెమ్మకు సిరా గాజుకు అంటుకోదు. నీ సంతకం, నంబరు కనబడేలా కింది అంచు వదిలి కోశాను. ఇలాంటి ప్రింట్లలో అవి అట్ట కిందికి పోతే, దాచుకునేవాళ్ల దృష్టిలో ఆ బొమ్మ ఉన్నా లేనట్టేనట.

నా దగ్గు తగ్గింది. పరీక్షలు బాగా రాశాను. నిఘంటువు పిచ్చి మాత్రం ముదిరింది. భయానికి మనకెన్ని మాటలున్నాయో ఎప్పుడైనా చూశావా? బెదురు, జంకు, దడ, గుబులు, హడలు. నిఘంటువు అన్నిటికీ ఎదురుగా ‘భయము’ అని రాసి చేతులు దులుపుకుంది. మన ఇంట్లో పెరిగినవాళ్లెవరూ అలా రాయరు. సాయంత్రం వీధి మలుపులో నాన్న బండి చప్పుడు వినబడితే కలిగేది గుబులు. ఆయన చెప్పులు విడిచే తీరును బట్టి ఆ పూట ఎలా గడుస్తుందో అంచనా కట్టేటప్పుడు దడ. పళ్లెం పక్కకు నెడితే హడలు. జంకు మాత్రం ఆయన మంచిగా మాట్లాడినప్పుడే పుడుతుంది. ఈ మధ్య నాకున్నది జంకు.

ఇక నీ చివరి ప్రశ్న. ఉత్తరం అడుగున, చోటు లేకపోయినా ఇరికించి రాశావు. ‘నాన్న చూశాడా?’

చూశాడు. పొద్దున్నే కుట్టుకొట్టు తెరిచే ముందు పేపరు చదవడానికి లైబ్రరీకి వెళ్లే అలవాటు ఆయనకింకా పోలేదు. నీ బొమ్మలు తగిలించింది ఆ పేపర్ల బల్ల ఎదుటి గోడకే. మెడలో టేపు వేసుకుని బట్టలు కుట్టే ఎలుగుబంటి ఎవరో పోల్చుకోవడానికి ఆయనకెంతసేపు పడుతుంది?

ఆ సాయంత్రం చెప్పులు చప్పుడు లేకుండా విడిచాడు. నా అంచనాలకు అందని సంగతి అది. అమ్మ స్టవ్ కట్టేసి వంటగది గుమ్మంలో నిలబడింది. నేను పుస్తకం పట్టుకుని ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

“వాడు నన్ను ఎలుగుబంటిని చేశాడే!” అన్నాడు.

నా వైపు తిరిగాడు.

“ఏమే, నీకు ముందే తెలుసా?”

తలూపాను.

“పొట్ట మాత్రం బాగా కుదిరింది” అని నవ్వాడు. అన్నయ్యా, నవ్వాడు. అమ్మ వైపు తిరిగి, “నాలుగో బొమ్మ చూడాలి నువ్వు. వాడు రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు. నేను వాణ్ణి ఎత్తుకోబోతున్నాను. అంత జరిగినా వాడు నన్నట్లా గీశాడే” అన్నాడు. తర్వాత నన్ను చూసి, “అది మిగతావాటికంటే కురచైందేం?” అన్నాడు.

దర్జీ కన్ను కదా. ఐదు ఫ్రేముల్లో అదొక్కటే రెండున్నర అంగుళాలు తక్కువ.

“కాగితం చాలలేదు” అన్నాను.

“గుడ్డ చాలకపోతే అంతే మరి” అన్నాడు. నమ్మేశాడు.

అది జరిగి పన్నెండు రోజులు. ఈ పన్నెండు రోజుల్లో ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. సాయంత్రం ఐదింటికి కూడా లైబ్రరీకి వెళ్తున్నాడు; తోటి దర్జీలను వెంటేసుకుని వెళ్లి “మావాడు, మావాడు” అని చూపించాడు. లైబ్రరీలో పిల్లల తల్లులు ఆ నాలుగో బొమ్మ ముందు ఆగి ఎంత ముద్దుగా ఉందో అనుకుంటున్నారు. అమ్మ పని చేసుకుంటూ కూనిరాగాలు తీస్తోంది. అమ్మకు పాట వచ్చని నాకు ఇరవయ్యో ఏట తెలిసింది. అమ్మే ఆయనకు నీ చిరునామా ఇచ్చింది. ఆయన నీకోసం చొక్కా కుట్టాడు, నువ్వు ఇల్లు వదిలినప్పటి, ఆరేళ్ల కిందటి కొలతలకు. రేపు సాయంత్రం రైలు. ఆదివారం పొద్దున నీ తలుపు తట్టేది ఆయనే.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను.

నాలుగో బొమ్మ నువ్వు గీశావు కాబట్టి నీకు తెలుసు. నాన్నకు తెలియదు. లైబ్రరీలో ఎవరికీ తెలియదు. ఎలుగుబంటి చెయ్యి నీ తల మీదుగా కుడివైపు పైమూల దాకా పోతుంది. ఆ చేతిలో కొలబద్ద ఉంటుంది, గాలిలో లేచి. సరిగ్గా దాని కింద, కుట్టుమిషను అడుగున రెండు జడల పిల్ల మోకాళ్లు కరుచుకుని ముడుచుకుని ఉంటుంది. ఆ పిల్లకు అడ్డంగా నువ్వు చేతులు చాపి నిలబడ్డావు. నేను కుడివైపు రెండున్నర అంగుళాల బొమ్మను అట్ట కిందికి నెట్టేశాను. నువ్వు అందరిలా కుడిపక్క కాకుండా ఎడమపక్క సంతకం పెట్టడంతో నా పని ఇంకా సులువైంది. కొలబద్ద పోయింది. నేనూ పోయాను. మిగిలింది తండ్రీ కొడుకూ, చాచిన చేతులూ.

ఒట్టేసి చెబుతున్నా, కొలబద్దను దాచడమే నా ఉద్దేశం. ఆయన రోజూ ఎదురుగా కూర్చునే గోడ అది. ఆయన చూస్తాడు, చూసి ఇంటికి వస్తాడు, వచ్చేసరికి ఇంట్లో ఉండేది నువ్వు కాదు, నేనూ అమ్మా. కొట్టడం కౌగిలింత అయిపోతుందని కోసేటప్పుడు నాకు తోచలేదు. గాజు బిగించి గోడకు ఆనించాక కనబడింది. అప్పుడైనా విప్పొచ్చు. విప్పలేదు. నాకు అడ్డం నిలబడిన ఆ రోజు దెబ్బ తిన్న నీ ఎడమ మోచెయ్యి ఇవాళ్టికీ పూర్తిగా చాపలేవు. బొమ్మలో మాత్రం రెండు చేతులూ చివరిదాకా చాపావు. వాటిని నేను ఆయనకు ధారపోశాను. నువ్వు క్షమించావనుకుని ఆయన వస్తున్నాడు. నువ్వేమో తలుపు తీసి, చేతిలో చొక్కాతో ఆయన్ని చూసి... ఆ తర్వాత ఏమవుతుందో ఎన్నిసార్లు ఊహించినా ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాను.

మాస్టారు ముందే కనిపెట్టారు. తగిలించే రోజు నాలుగోదాని ముందు నిల్చుని, “నీ చెయ్యి తప్పు కొయ్యదే” అని మాత్రం అన్నారు. నిన్న ఆయనకు అంతా చెప్పేశాను. తిట్టలేదు. “మన పనిలో ఉన్న సుఖమల్లా ఒక్కటే. పిండిజిగురు తడిపితే ఊడుతుంది, మేకు లాగితే వస్తుంది. ఏదైనా విప్పొచ్చు. విప్పాక జరిగేదానికి మాత్రం మనం పూచీ కాదు” అని కొత్త చెక్క కోసిచ్చారు. వాళ్లింట్లో వెనక గది ఖాళీగా ఉందని, నేనూ అమ్మా ఎన్నాళ్లయినా ఉండొచ్చని, అది కూడా చెక్కముక్కల లెక్క చెప్పినట్టే చెప్పారు.

ఈ పొద్దున అమ్మకు చెప్పాను. మడతపెడుతున్న దుప్పటి ఒళ్లో వేసుకుని కూర్చుండిపోయింది.

“ఉండనీవే” అంది. “ఆయన మారాడు.”

“బొమ్మను చూసి మారాడమ్మా. ఆ బొమ్మ అబద్ధం.”

“అబద్ధమైతేనేం? ఈ పన్నెండు రోజులూ నావి కావా?”

చెప్పులు తొడుక్కుని వీధిలోకి వచ్చేశాను. నాలుగిళ్లు దాటానో లేదో వెనకనుంచి అమ్మ వచ్చింది, ఆయాసపడుతూ. పాత దుప్పటిలో చుట్టిన పొడుగాటి వస్తువు నా చేతిలో పెట్టింది. విప్పకుండానే తెలిసిపోయింది. తలుపు వెనక మేకుకు వేలాడే కొలబద్దే.

“ఇది మీ కొట్టులో ఉంచు. సాయంత్రం నేను మీ మాస్టారి ఇంటికి వస్తాను. ఇంకేం అడగకు” అని వెనుదిరిగింది. నా వైపు చూడలేదు. నామీద కోపమో, మరెవరిమీదో నాకు అర్థం కాలేదు.

పదకొండింటికి లైబ్రరీకి వెళ్లి, గాజుకు పగులుందని చెప్పి నాలుగోదాన్ని దింపుకొచ్చాను. అది కూడా అబద్ధమే. ఇకమీదట ఆడనని రాసేంత నమ్మకం నామీద నాకు లేదు. కొత్త అట్ట కోయబోతే రెండు పాడయ్యాయి. మూడోది కుదిరింది. మిగతా నాలుగింటితో సమానంగా వచ్చింది, వెంట్రుకవాసి తేడా లేకుండా. మాస్టారు భోజనానికి పోతూ దారిలో తీసుకెళ్లి తగిలిస్తానన్నారు. ఈపాటికి గోడ మీద ఉండి ఉంటుంది.

రేపు రైలెక్కే ముందు నాన్న అసలు బొమ్మ చూసి ఉండాలి. అందుకే ఇవాళే మార్చాను. ఆదివారం ఆయన నీ దగ్గరికి వస్తే, అది చూసి కూడా వచ్చినట్టు. అప్పుడు తలుపు తీయడమా మానడమా అన్నది నీ ఇష్టం. నేను ఏ వైపూ చెప్పను. రాకపోతే రాలేదని బాధపడకు, మా గురించి కంగారుపడి పరుగెత్తుకునీ రాకు. మేం ఎక్కడ ఉంటామో పైన రాశాను. ఆదివారం మధ్యాహ్నం మాస్టారి ఇంటి ఫోన్‌కి చెయ్యి. నంబరు కవరు వెనక ఉంది.

నిన్ను అడగకుండా నీ బొమ్మ కోసినందుకు క్షమించు. నువ్వు నాకు అడ్డంగా నిలబడ్డ చోటే నేను కత్తి పెట్టాను.

నాలుగూ పావు అయింది. మాస్టారు వచ్చారు. ఉత్తరం కొరియర్ ఆఫీసులో ఇచ్చేసి అటునుంచటే లైబ్రరీకి వెళ్తాను. నాన్న ఒంటరిగా వస్తాడో, స్నేహితులతో వస్తాడో తెలియదు. అలవాటు కొద్దీ ముందు ఎలుగుబంటిని చూస్తాడు, తర్వాత నిన్ను. ఆ తర్వాత ఆయన కళ్లు పైమూలకు వెళ్లి, అక్కణ్నుంచి కిందికి దిగుతాయి. మిషను కింద ఉన్నదెవరో తెలియక వెతుక్కోనక్కర్లేదు. తల తిప్పితే చాలు, నేను పక్కనే నిలబడి ఉంటాను.

ఇట్లు,
నువ్వు అడ్డంగా నిలబడి కాపాడిన
నీ చెల్లెలు