గువ్వ కర్టెన్స్ గడువు

ఏమండీ,
లేవగానే మన కొట్టు వెబ్‌సైట్ పేరు రెన్యూ చేయండి, కాఫీ తర్వాత తాగొచ్చు. గడువు దాటిపోయింది.

పొద్దున్నే ఒకావిడ ఫోన్ చేసి, "గువ్వ కర్టెన్స్ ఎత్తేశారా అమ్మా? మీ సైటు తెరిస్తే ఎవరివో పరుపుల ప్రకటనలొస్తున్నాయి" అంది. "లేదండీ, మావారు చూసుకుంటానన్నారు" అన్నాను. "ఓహో, అలాగా!" అని నవ్వింది.

సైటుతో పాటు మన మెయిలూ ఆగిపోయింది. ఇక గుర్తుచేస్తూ మిమ్మల్ని ఎవరూ విసిగించరులెండి.

ఇప్పుడైతే ఆ పేరు మనకే తిరిగి ఇస్తారట. ఇంకా ఆలస్యమైతే ఎవరైనా కొనేసుకోవచ్చట. నేను కొట్టు తెరవడానికి వెళ్తున్నాను.

అన్నట్టు, పెళ్లైన కొత్తలో మీరు నన్ను గువ్వా అని పిలిచేవారు. ఇంట్లో ఆ పిలుపు ఎప్పుడో ఆగిపోయింది. వెబ్‌సైట్‌కైనా ఉండనివ్వండి.