వంతెన రికార్డు మీద గీత

"రేపు పొద్దున్నే తెచ్చిస్తా బావా, ఎలా ఉన్నది అలాగే" అని నా బావమరిది మా గుమ్మంలో నిలబడి మాట ఇచ్చి నలభై ఏళ్ళు దాటింది. పట్టుకెళ్ళిన పాటల రికార్డు తెచ్చింది రెండు వారాలకు. ఎలా ఉన్నది అలాగే తేలేదు. ఆ రోజు అతను వేసుకున్న చొక్కా రంగుతో సహా నాకు గుర్తుంది కాబట్టి, నా మతీ జ్ఞాపకమూ నిక్షేపంగా ఉన్నాయనీ, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా ఈ వీలునామా నేనే రాస్తున్నాననీ ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. అచ్చాఫీసులో జన్మంతా ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఇందులో తప్పు దొరికితే అది కళ్ళజోడుది.

ఇల్లు అద్దెది. బ్యాంకులో ఉన్నది కొడుక్కీ కూతురికీ చెరిసగం, దాని మీద మాటలు దండగ. అసలు ఆస్తి బ్రిటన్‌కు చెందిన ఒక రాక్ బ్యాండు తాలూకు ఆరు ఆల్బంలు, వాటిని మోగించే రికార్డు ప్లేయరు. సదరు బ్యాండును మా ఆవిడ కాపురానికి వచ్చిన మొదటి వారం నుంచి కన్ను మూసేదాకా "గోల" అనే పిలిచింది గనుక, ఈ పత్రంలో కూడా "సదరు గోల" అని వ్యవహరించడమైనది.

1. మొదటి ఆల్బం, ఎర్ర గొడుగు బొమ్మది, నా కూతురికి. ఇందులో డ్రమ్ములవాడు ఆఖరి బస్సు తప్పిపోతుందన్నట్టు వాయిస్తాడు. నా కూతురు వంట చేసేదీ అలాగే. రెండిట్లోనూ ఉప్పు ఎక్కువే, రెండూ నాకు ఇష్టమే.

2. రెండోదీ నాలుగోదీ కూడా కూతురికే. నాలుగో దాంట్లో మొదటి వైపు మూడో పాట వర్షం పడుతున్నప్పుడు వినాలి. వర్షం లేకపోతే ఆగాలి. ఇది సలహా కాదు, షరతు.

3. అయిదోది, వయొలిన్లు నింపిన ఆల్బం, నా కొడుక్కి. కూలి పని చేసేవాడికి అద్దె కోటు తొడిగినట్టుంటుంది. లోకంలో దాన్ని మెచ్చుకున్నది పత్రికల వాళ్ళూ, మావాడూను. "అసలు ఇదే క్లాసు నాన్నా" అన్నాడు. అనుభవించమనండి.

4. డ్రమ్ములవాడు వెళ్ళిపోయాక చేసిన ఆరోది మా అచ్చాఫీసు యజమానికి. నేను పని మానిన రోజున సభ పెట్టి, నా పేరు తప్పుగా అచ్చువేసిన శాలువా పెట్టె ఇచ్చినవాడు ఆయన. తాళం తప్పిన పాటలు ఆయనకే తగినవి.

5. కింది వాటా దర్జీకి ఏమీ లేదు. సదరు గోల మొదలవగానే గజం బద్దతో పైకప్పును పొడిచేవాడు. పొడిస్తే పొడిచాడు, తాళంలోనే పొడిచేవాడని ఒప్పుకుంటున్నాను. సాక్షి సంతకం పెట్టేవాడికి వాటా ఉండకూడదని వకీలు చెప్పాడు. అందుకే అతన్ని సాక్షిగా పిలిచాను.

6. రెండో సాక్షిగా నా బావమరిదిని పిలిచిందీ సరిగ్గా ఇందుకే.

7. ఇక మూడోది, వంతెన బొమ్మది. మిగతా అయిదూ కలిపి ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. రెండో వైపు ఆఖరి పాటలో ఒకడు వానలో తడుస్తూ తలుపు తీయమంటాడు. దాన్ని వినడానికి పట్టుకెళ్ళిన బావమరిది, రేడియోలు బాగుచేసే మనిషై ఉండి, సూది ఎగరకూడదని దాని నెత్తిన ఒక రూపాయి బిళ్ళ పెట్టాడు. బిళ్ళ బరువుకు సూది గాడిని కోసేసింది. అప్పటి నుంచి ఆ పాట తలుపు దగ్గరే చిక్కుకుని, అడిగిందే అడుగుతుంది. ఆనాడే అతనికి మా ఇంటి తలుపు మూశాను.

మాది చెక్క నేల. పాట చిక్కుకున్న చోట, సరైన క్షణంలో, సరైన బరువుతో నేలను ఒక్క తొక్కు తొక్కితే సూది గీత దాటి ముందుకు పోతుంది. ఆ తొక్కు మా ఆవిడ ఒక్కతెకే వచ్చు. వంటింట్లోంచే, కూర కలుపుతూనే తొక్కేది. "మీ వాడికి తలుపు తీశాను, ఇక తినడానికి రండి" అనేది. నేను తొక్కితే సూది పాటంతా దాటేస్తుంది. పిల్లలు తొక్కితే దర్జీ తిడతాడు, అంతే. ఆవిడ పోయాక ఆఖరి చరణం ఈ ఇంట్లో వినబడలేదు. మా వాడు అదే పాటను ఫోనులో పెట్టి "చూడు నాన్నా, ఒక్క మచ్చ లేదు" అన్నాడు. మచ్చా లేదు, వంటింట్లోంచి చప్పుడూ లేదు. ఆపేయమన్నాను.

ఈ రికార్డూ, ప్లేయరూ నా కూతురి కూతురికి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. తొక్కు నేర్చుకోవాలి. ఎవరు నేర్పుతారో నాకు తెలియదు. నా బెంగల్లా అదే.

8. పై క్లాజులు రాసి, సాక్షులను పిలిపించాక జరిగినదాన్ని బట్టి ఇది చేరుస్తున్నాను. దోషికి నేరం వినిపించాలని వంతెన రికార్డు పెట్టాను. పాట తలుపు దగ్గర చిక్కుకుంది. బావమరిది కళ్ళజోడు తుడుచుకుంటూ, తల కూడా ఎత్తకుండా, మడమతో ఒక్క తొక్కు తొక్కాడు. సూది దాటింది. ఆఖరి చరణం చివరిదాకా విన్నాను.

ఎక్కడ నేర్చావని అడిగాను. "నేర్చుకోవడమేంటి బావా, అక్కకి నేర్పిందే నేను. నువ్వు డ్యూటీకెళ్ళాక వచ్చేవాణ్ణి. గీత పెట్టింది నేనే కదా, మందూ నేనే ఇవ్వాలిగా" అన్నాడు. "అక్కకి ఆ పాటంటే ప్రాణం. నీకు చెప్పొద్దంది, గోల అన్న నోటితో ఒప్పుకుంటే నీ దగ్గర లోకువైపోతానని."

అంటే నా రికార్డును, నా ఇంట్లో, నా వెనకాల, అక్కాతమ్ముళ్ళు ఏళ్ళ తరబడి విన్నారు. నేరాలు ఇప్పుడు రెండయ్యాయి. శిక్ష: వంతెన రికార్డు మోగించిన ప్రతిసారీ ఇతను మా ఇంటికి వచ్చి తొక్కవలెను, నా మనవరాలికి నేర్పవలెను. నేను బతికి ఉన్నంతకాలం ప్రతి ఆదివారం ఇది అమలులో ఉండును. తొక్కును ఆస్తి కింద లెక్కగట్టడానికి వీల్లేదని వకీలు అభిప్రాయపడినందున, ఇతని సాక్ష్యానికి అడ్డు లేదు.

తేదీ: 2024 మార్చి 17, ఆదివారం.

(సంతకం) ప్రూఫుల తాత

సాక్షులు:

(సంతకం) కింది వాటా దర్జీ

(సంతకం) నా బావమరిది, రేడియో మెకానిక్కు. గీతకు బాధ్యుడు ఇప్పటికీ ఇతనే.