చాప చుట్టకు వేసిన ముడి

చెన్నై,
మంగళవారం.

అమ్మకు, పెనం ముందు నిలబడి ఉన్న నాన్నకు నమస్కారాలు. తమ్ముడు చంటిగాడికి ముద్దులు, వాడు వద్దన్నా సరే. ఇక్కడ నేను కులాసాగా ఉన్నాను. నీ మోకాలు ఎలా ఉంది? గ్రైండరు బాగైందా, లేక ఇంకా పిండి బయట ఆడిస్తున్నారా?

ఫోన్ ఉండగా ఉత్తరం దేనికంటావా? ఫోన్లో నేను ఒక ముక్క చెప్పేలోపు నువ్వు పది ప్రశ్నలు వేస్తావు. ఉత్తరంలో నా మాటకు అడ్డం రాలేవు. ముందే చెబుతున్నాను, జరిగినదాంట్లో సగం తప్పు నీది.

తిండికి లోటు లేదు, బెంగపడకు. హాస్టల్లో చట్నీ మాత్రం కొబ్బరిని దూరం నుంచి చూపించి చేసినట్టుంటుంది. చెమటకు పొద్దున వేసుకున్న చున్నీ మధ్యాహ్నానికి పిండుకోవాలి. ఆదివారాలు బాగుండవమ్మా. మన హోటల్లో గిన్నెల మోత వినబడక, మెలకువ వచ్చినా లేవబుద్ధి కాదు.

ఇక ఉద్యోగం సంగతి. మా నగల కొట్టు సెట్టిగారిది తాతల నాడే సౌకార్‌పేటలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. నేను చేరిన రోజే ఆయన తేల్చి చెప్పారు. "చూడమ్మా శిరీషా, కంప్యూటర్లో నువ్వు ఎన్ని నగలైనా గీయి. మన ఆచారి చేస్తానంటేనే నువ్వు ఈడ ఉంటావు. మూడు నెలలు చూస్తాం, సరియా?" ఆ మూడో నెల ఇప్పుడు నడుస్తోంది. ఇన్నాళ్లూ నీకు ఈ మాట చెప్పలేదు. కోప్పడకు.

ఆచారిగారి పేరు కన్నయ్య. కింద పట్టరైలో, అంటే నగలు చేసే గదిలో, చాప మీద కూర్చుని పని చేస్తారు. నేను పైన ఏసీ గదిలో. నా డిజైన్లలోకెల్లా గొప్పవని నేను అనుకున్నవి మూడు అంతస్తుల బుట్టకమ్మలు. అంతస్తుకు నాలుగు నెమళ్లు, నెమలికో మువ్వ. కాగితం పంపితే ఆచారిగారు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాదమ్మా. దీన్ని మోసే చెవిని గూడా నువ్వే గీసియ్యి" అని వెనక్కి పంపించారు. పట్టరైలో అందరూ నవ్వారట.

ఆయన్ని మంచి చేసుకుందామని పోయిన గురువారం పొద్దున్నే ముందుగా వెళ్లి పట్టరైలో అడుగు పెట్టాను. ఇన్నాళ్లలో అదే మొదటిసారి. అబ్బ, ఆ చాప! నల్లగా, జిడ్డుగా, అంచులు ఊడిపోయి ఉంది. ఎక్కడికి వెళ్లినా ముందు చీపురు వెతకమని నేర్పిందెవరు? నువ్వే కదా. గది తుడిచాను. చాపను చుట్టి, దుమ్ము రాలకుండా రెండు చివర్లూ లోపలికి మడిచి, పురికొసతో మన హోటల్లో పార్సిళ్లకు వేసే ముడి బిగించి, వీధి మలుపులో చెత్తకుండీ దగ్గర పెట్టి వచ్చాను. కొత్త ప్లాస్టిక్ చాప కొని పరిచాను. మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

ఆచారిగారు వచ్చారు. చాపను చూశారు. నన్ను చూశారు. "నా చాప యాడమ్మా?"

"పారేశానండీ! దరిద్రంగా ఉంటే."

ఆయన గోడ పట్టుకున్నారు. అప్పుడు తెలిసిందమ్మా నాకు. ఆకురాయితో నగను రాస్తుంటే రాలే బంగారు రజను ఏడాది పొడుగునా ఆ చాపలోనే దిగుతుందట. ఏడాదికోసారి దాన్ని కాల్చి, బూడిద కడిగి బంగారం తీస్తారట. నేను తుడిచిన చెత్తయినా చేటలోనే ఉండబట్టి సరిపోయింది.

నేనూ ఆచారిగారూ సెట్టిగారూ మలుపు దాకా పరుగెత్తాం. కుండీ ఖాళీ. చెత్తబండి అప్పుడే వెళ్లిందన్నారు. ఆటో ఎక్కాం. సౌకార్‌పేట సందుల్లో ఆటో కంటే నడిచేవాళ్లే ముందు పోతున్నారు, దిగి మేమూ పరుగందుకున్నాం. బండిని పట్టుకుని, పట్టుపంచె ఎగ్గట్టి సెట్టిగారు అందులోకి ఎక్కేశారు. అరటి తొక్కలు తప్ప ఏమీ లేవు. నాకు ఏడుపొచ్చేసింది. ఇంటికి ఏ ముఖం పెట్టుకుని రావాలా అనుకుంటూ నడిచాను.

తిరిగి మలుపు దగ్గరికి వచ్చేసరికి, పూలమ్మే ముత్తమ్మ చాప చుట్ట మీద దర్జాగా కూర్చుని మాల కడుతోంది! పోయేటప్పుడు ఆమె ముందు నుంచే పరుగెత్తాం.

"పరుచుకుందామని తెస్తే ముడి ఊడనే లేదు. సరి పోనీలే అని దీనిమీదే కూర్చున్నా. నడుముకు హాయిగా ఉండాది. ఇయ్యను పో!" అంది.

సెట్టిగారు ఎంత బతిమాలినా లేవలేదు. చివరికి చేతులున్న కుర్చీ ఇస్తే లేస్తానంది. మా ఆఫీసులో అలాంటిది ఒక్కటే, నాది. ఇప్పుడు ముత్తమ్మ అందులో కూర్చుని పూలమ్ముతోంది.

ఆచారిగారు చాప చుట్టను తెల్లగుడ్డ మీద పెట్టి తానూ ముడితో కుస్తీ పట్టి, ఓడిపోయి, కత్తెరతో కోశారు. రజను చెక్కుచెదరలేదు. తెగిన తాడును మాత్రం పారేయకుండా చాలాసేపు చూశారు. తర్వాత నన్ను చూసి, "కుర్చీ పాయె కదా. రా, ఈడ కూర్చో" అన్నారు.

అప్పటి నుంచి ఆయన పక్కన నేలమీదే నా పని. మొదటి రోజు నా మూడంతస్తుల బుట్ట బరువెంతో అంత సీసం దారానికి కట్టి నా చెవికి తగిలించారు. మధ్యాహ్నానికి మెడ ఒక పక్కకు వాలిపోయింది. నెమళ్లన్నీ నేనే ఎగరగొట్టాను. వాటి బదులు సన్నని బంగారు తీగతో మన పార్సిలు ముడి గీశాను, ఒకే ఒక్క ముత్యం వేలాడేలా.

"ఇది చేస్తా" అన్నారు ఆచారిగారు. నా చెవులను నేనే నమ్మలేదు. కానీ వెంటనే ఒక మెలిక పెట్టారు. నేను వేసిన ముడికి కత్తెర కావాలి. చెవి నగ జారకూడదు, తీసేటప్పుడు మాత్రం సులువుగా రావాలి. నువ్వు వేసే ముడి అంతే కదా, సాంబారు చుక్క కారదు, ఒక్క లాగుకు ఊడి వస్తుంది. ఆ చివరి చుట్టు నాకు ఏనాడూ రాలేదు. నేర్పుతానంటే, నేను బొమ్మలు గీసుకునేదాన్ని, నాకెందుకని తప్పించుకున్నాను.

కాబట్టి ఒక పొట్లం కట్టి కొరియర్లో పంపు. ఖాళీదైనా చాలు. ఖాళీగా పంపడానికి నీకు మనసొప్పదు కాబట్టి కందిపొడి పెట్టు. అది చూస్తేగానీ తీగ ముట్టుకోనని ఆచారిగారు భీష్మించుకు కూర్చున్నారు.

నానమ్మకు నా దండాలు చెప్పు. మీరంతా చల్లగా ఉండి నన్ను దీవించాలి.

చేరిన రోజు ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నావని ఆచారిగారు అడిగితే కాలేజీ పేరు చెప్పాను. నిన్న మళ్లీ అడిగారు. నీ పేరు చెప్పాను.

నీ కూతురు,
శిరీష