పేపర్లో లేని వాన

8 ఫిబ్రవరి 1962

ప్రపంచం మునగలేదు. గ్రహాలన్నీ ఒకచోట చేరుతున్నాయి, ఇక ప్రళయమేనని పోయిన నెలంతా పేపర్లో వచ్చింది. చదివి వినిపించింది నేనే కాబట్టి ఇవాళ కొట్టులో ఆడవాళ్ళందరూ నా మీద పడ్డారు. నేనేం చేశాను? అచ్చులో ఉన్నది చదివాను.

యలమందయ్య గారి మిరపకాయల కొట్టులో మేమంతా తొడిమలు తీసే కూలీలం. ఎనిమిదో క్లాసు దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని మధ్యాహ్నం గుంటూరు బస్సులో పేపర్ దిగగానే నన్ను కాయల దగ్గర్నుంచి లేపి గడప మీద కూర్చోబెడతారు. యలమందయ్య గారికి కళ్ళలో పొరలు. ఆయన కోసం చదివితే పనిలో పనిగా అందరూ వింటారు. ఘాటుకి ముక్కూ నోరూ చుట్టి గుడ్డ కట్టుకుంటాం. చదివేటప్పుడు మాత్రం నేను తీసేస్తాను. దగ్గు వచ్చిన చోటల్లా వార్త ఆగుతుంది.

20 ఫిబ్రవరి

రేపు పోలింగ్. నాకింకా ఓటు వయసు రాలేదు. అన్న బుడాన్‌కి ఇదే మొదటి ఓటు. ఎవరికి వేస్తావని అడిగితే అది సీక్రెట్ అంటాడు. నా దగ్గర కూడానా అంటే, నీ దగ్గరే ముఖ్యంగా అన్నాడు. వెధవ.

21 ఫిబ్రవరి, సాయంత్రం

చేతులు మండుతున్నాయి, అయినా రాయాలి.

మూడు గంటలప్పుడు పడమట మబ్బు లేచింది. ఊరి మిరపంతా కల్లాల్లో ఎండుతోంది. తడిస్తే తెల్లబారి తాలుకాయ అయిపోతుంది, ఏడాది కష్టం పోయినట్టే. మనుషులేమో బడి దగ్గర ఓటు లైన్లో ఉన్నారు. అన్న అప్పుడే ఓటేసి బయటికొచ్చి మబ్బు చూశాడు. బండి మీది గడకర్ర తీసి ఊపుతూ లైన్‌కేసి అరిచాడట: "ఓట్లు తర్వాత చూసుకోవచ్చు, ముందు కల్లాలకి పదండి!"

అంతే, లైన్ లేదు. కొట్టులోంచి మేమూ ముఖాల గుడ్డలతోనే ఉరికాం. ఆదెయ్య గారి కల్లం మీద గోనెపట్టా ఒక కొస అన్న పట్టుకుంటే రెండో కొస ఆదెయ్య గారు పట్టుకున్నారు. ఆదెయ్య గారు ఒక పార్టీకి బూత్ ఏజెంటు. ఆయన కూడా బూత్ వదిలేసి వచ్చారు మరి! నీళ్ళు నిలవకుండా పట్టా నడుమ గడకర్ర నిలబెట్టి అన్న వాన వెలిసేదాకా దాన్ని పట్టుకునే ఉన్నాడు. రోజా ఉపవాసం ఉండి కూడా. పంట దక్కింది. కొందరు వెళ్ళి ఓటేశారు, కొందరు అలిసిపోయి కల్లం గట్టునే కూలబడ్డారు. ఈలోగా టైమ్ అయిపోయింది.

రోడ్డు మీద ఒక జీపు ఆగి, లోపల్నుంచే ఎవరో ఫోటో తీశారు. మా బొమ్మలు పేపర్లో పడతాయని నవ్వుకున్నాం.

23 ఫిబ్రవరి

పడ్డాయి.

"ముసుగు మూక వీరంగం. ప్రాణభయంతో ఓటర్ల పరుగు." కింద ఫోటో. ముందు అన్న, చేతిలో గడకర్ర. వెనక మేము. మసీదులో ముందే మాట్లాడుకుని ఒక వర్గం వాళ్ళు పోలింగ్ భగ్నం చేశారట. ఆ గుంపులో నా పక్కనున్నది బసవమ్మక్క. ఆదెయ్య గారి భార్య. ఆవిడ మసీదు గడప ఎప్పుడు తొక్కిందో నాకు తెలియదు.

చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోయాను. దగ్గు కాదు. అచ్చులో ఉన్నదే చదువుతున్నావా అని యలమందయ్య గారు రెండుసార్లు అడిగారు.

ఆదెయ్య గారి పార్టీ పేపర్ కూడా తెప్పించుకుని చూశాను. అందులో భూస్వాముల గూండాలు కూలీలను లైన్లోంచి తరిమేశారని ఉంది. గూండా అంటే అన్నే. ఇంట్లో కోడిని కోయడానికి కూడా చెయ్యి రాక పక్కింటి మాబుని పిలిచే మనిషి ఒకే రోజు రెండు రకాల రౌడీ అయ్యాడు. ఈ పేపర్లోనూ ఆ పేపర్లోనూ వాన మాత్రం లేదు. ఎంత వెతికినా లేదు.

24 ఫిబ్రవరి

అన్నని తీసుకుపోయారు. ఎస్సై ఆ ఫోటో కత్తిరించి జేబులో పెట్టుకుని వచ్చాడు. తాలూకా సబ్‌జైల్లో ఉంచారట. పండగ లోపల వదులుతారా అని అమ్మ ఊరంతా తిరిగి అడుగుతోంది. అడిగితే చెప్పడానికి ఎవరికి తెలుసు?

26 ఫిబ్రవరి

ఎడిటర్‌కి ఉత్తరం రాశాను. మబ్బు ఎటు లేచిందీ, గుడ్డలు ఎందుకు కట్టుకుంటామో, గడకర్ర దేనికో అన్నీ రాశాను. యలమందయ్య గారే స్టాంపు ఇచ్చారు.

కొట్టులో వార్తలు వినే తీరు మారిపోయింది. ఇవాళ ఆఫ్రికాలో ఏదో ఊళ్ళో అల్లరి మూక అని చదవగానే ఒకామె, వాళ్ళ కల్లాల్లో ఏం ఎండుతోందో అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్ళుగా నేను చదివిన మూకలన్నీ గుర్తొచ్చాయి. ఎంత హుషారుగా చదివేదాన్ని! ఆ మనుషులు ఎందుకు పరిగెత్తారో ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. ఇప్పుడు ప్రతి వార్త దగ్గరా ఆగి అడగాలనిపిస్తోంది. ఎవరిని అడగను?

27 ఫిబ్రవరి

ఆదెయ్య గారి దగ్గరికి అమ్మతో వెళ్ళాను. మేజిస్ట్రేట్ దగ్గర ఒక్క మాట చెప్పమని బతిమాలాం. ఆయన గోడకేసి చూస్తూ, బుడాన్ కొంచెం గట్టిగానే అరిచాడు గదా అన్నారు. జనం భయపడ్డ మాట నిజమే గదా అన్నారు. నాకు మతి పోయింది. వాళ్ళ పార్టీకి ఈ బూత్‌లో ఓట్లు తగ్గాయి. మళ్ళీ పోలింగ్ పెట్టించాలంటే గొడవ జరిగి ఉండాలి, అది అర్థమైంది. అర్థం కానిది ఒకటే. ఆయన అబద్ధం ఆడుతున్నట్టు లేదు. పేపర్ చదివి చదివి ఆయనకి అలాగే గుర్తుంటోంది.

1 మార్చి

మా వార్త రాసిన రిపోర్టర్ వచ్చాడు! నా ఉత్తరం చూసి పంపించారట. నాకు కోపం బోలెడంత ఉంది గానీ, అంతకంటే ఎక్కువగా తెలుసుకోవాలని ఉంది. వార్త తయారుచేసే మనిషిని ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

కుర్రవాడే. మర్యాదగా ఉన్నాడు. కొట్టులో అడుగుపెట్టిన కాసేపటికే తుమ్ములు పట్టుకున్నాయి. జేబురుమాలు తీసి ముక్కూ నోరూ చుట్టి కట్టుకున్నాడు. ఆడవాళ్ళు కాయలు వదిలేసి పడీ పడీ నవ్వారు. ఎందుకో అర్థమై అతనూ నవ్వాడు.

జీపు ఎందుకు దిగలేదని అడిగాను. జీపు క్యాండిడేట్‌దట. వాళ్ళు ఆపిన చోట ఆగాలి, వాళ్ళు కదిలితే కదలాలి. ఇంకా చాలా బూత్‌లు చూడాల్సి ఉందట. ఊళ్ళో ఎవరినైనా అడిగారా అంటే, జీపులో వాళ్ళనే అడిగాడట. మరి వాన కనపడలేదా, అద్దం మీద పడింది గదా అన్నాను. కనపడిందన్నాడు. మరెందుకు రాయలేదు? ఏ ఊరు ఎవరి వైపు ఉంది, ఎందుకు ఉంది, ఆఫీసులో అదే అడుగుతారట. అక్కడ వాన పడిందా అని అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదట.

చెడ్డవాడైతే బాగుండేది. తిట్టి పంపేదాన్ని.

3 మార్చి

నా ఉత్తరం వేశారు. "ముసుగు చాటు ముస్లిం యువతి మొర" అని పైన పెట్టారు. నేను బురఖా వేసుకోను. మొర పెట్టుకోలేదు కూడా, జరిగింది రాశాను. అన్నే ఇంటికి ఆధారం అన్న ముక్క ఉంచారు. మబ్బూ వానా కల్లం కోసేశారు. వాన ఏ పార్టీదీ కాదు, దాన్ని ఎక్కడ వేసుకోవాలో వాళ్ళకి తెలిసినట్టు లేదు.

నా ఉత్తరం నేనే గట్టిగా చదివి వినిపించాను. ఏడుపొచ్చింది.

5 మార్చి

ఇవాళ్టి పేపర్లో ప్రత్యక్ష సాక్షి ఆదెయ్య గారు. ముసుగులు చూసి తను కూడా భయపడి బూత్ వదిలానని చెప్పారట. చదవనా వద్దా అని బసవమ్మక్క ముఖం చూశాను. చదవమంది. చదివాను. ఆవిడ చేతిలో కాయలు బుట్టలో పోసింది, ముఖం మీది గుడ్డ విప్పకుండానే లేచి ఇంటికి నడిచింది. మేమంతా వెనకాలే వెళ్ళాం. ఎలా ఆగుతాం?

ఆదెయ్య గారు అరుగు మీద ఉన్నారు. ఆవిడ ఆ గుడ్డతోనే ఆయన ముందు నిలబడింది.

"నన్ను చూసి భయపడ్డావా? ఆ కల్లం తడిస్తే ఈ యేడు ఏం తినేవాళ్ళం? బుడాన్ పిలవబట్టి గదా నువ్వొచ్చావు. పేపరోడు వచ్చి పట్టా కప్పాడా?"

గొంతు పెంచలేదు. ఆదెయ్య గారు, పట్టా తడిసి చాలా బరువెక్కింది కదూ అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

6 మార్చి

ఆదెయ్య గారు పొద్దున్నే తాలూకాకి వెళ్ళారు. పూచీకి యలమందయ్య గారు కూడా బస్సెక్కారు. కళ్ళు కనపడని మనిషిని ఆదెయ్య గారే చెయ్యి పట్టి ఎక్కించారు. అమ్మ సేమియా కొనమంటుంది, మళ్ళీ వద్దంటుంది.

7 మార్చి

అన్న వచ్చాడు.

10 మార్చి

పండగ అయిపోయింది. అన్నని వదిలారని ఏ పేపర్లోనూ రాలేదు. ఇవాళ పేపర్ ముందు పెట్టుకుని, అందులో లేని వార్త ఒకటి చదివాను. మిరప కల్లాలను కాపాడిన బుడాన్ నిర్దోషిగా ఊరు చేరాడు, పండగ పూట అందరితో కలిసి సంతోషంగా సేమియా తిన్నాడు, అని. ఎన్నో పేజీలో ఉందని ఎవరూ అడగలేదు. బసవమ్మక్క ఇంకోసారి చదవమంది.

చదివాను. సబ్‌జైలు నుంచి వచ్చాక అన్నకి కుడిచెయ్యి పైకి లేవడం లేదని, సేమియా అమ్మ తినిపించిందని రెండుసార్లూ చదవలేదు.