అటక సంగతి, నా సంగతి

చిరంజీవి షాలినికి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్న, నేను, మాధవరంలో అన్నా వదినా బాగున్నాం. కోయంబత్తూరులో నీ జలుబు తగ్గిందా? నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగావు. రోజూ నేనే చేతిలో పెడుతున్నాను.

నీకు అంబత్తూరుకు బదిలీ వచ్చేలోగా మన అటకను గదిగా మార్చగలమా, చూసి చెప్పమన్నావు కదా. వడ్రంగి తిరువేంగడం ఆచారిని పిలిపించాను. నిచ్చెన ఎక్కి దూలాలన్నీ సుత్తితో తట్టి చూశాడు. "టేకు దూలాలమ్మా, గట్టిగా ఉండాయి. గోడలోకి పోయే ఆ ఒక్క కొస చెద తినేసింది, మార్చేయొచ్చు" అన్నాడు. నడుమ ఆరడుగుల ఎత్తు ఉంది, పక్కలకు జరిగితే మూడే. మెట్లు కట్టాలంటే వంటింట్లో కొంత చోటు పోతుంది. "ఎండ సంగతి మాత్రం నన్నడగబాకమ్మా. ఆడ ఉండి చూస్తేనే తెలుస్తాది" అన్నాడు.

సరే, ఉండే చూద్దామనుకున్నాను. మొన్న మంగళవారం పదకొండింటికి చాప, చెంబెడు నీళ్లు, టేబుల్ ఫ్యాను పట్టుకుని పైకెక్కాను. నీ మంచం ఎటు వేయాలి, బట్టలు ఎక్కడ పెట్టాలి అని చూసుకుంటూ కాసేపు బాగానే ఉన్నాను. ఒంటిగంటకల్లా పెంకుల వేడికి ఫ్యాను గాలి పొయ్యి సెగలా తగిలింది. చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. కళ్లు తిరిగాయి. అయినా దిగబుద్ధి కాలేదు.

నాన్న కొట్టు నుంచి భోజనానికి వచ్చి, నేను కనబడక నిచ్చెనెక్కారు.

"ఏమే అలివేలూ, ఈ ఎండలో ఈడేం చేస్తా ఉండావు?"

"బిడ్డ ఉండగలదా అని చూస్తా ఉండా" అన్నాను. ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను.

ఇక నీకూ చెప్పాలి షాలినీ. ఫోన్‌లో నోరు రాక రాస్తున్నాను. రెండేళ్ల కిందట అత్తగారింటి నుంచి ఫోన్ చేసి, "ఇంక నా వల్ల కాదు, వచ్చేస్తానమ్మా" అన్నావు. నాన్న ఒప్పుకోలేదని చెప్పాను. అది అబద్ధం. నాన్నకు నేను చెప్పనే లేదు. అన్నకు సంబంధాలు చూస్తున్న రోజులవి, నలుగురూ ఏమంటారోనని భయపడ్డాను. వీధి గది అప్పుడు ఖాళీగానే ఉంది. నువ్వు ఒక్క పెట్టెతో హాస్టలుకు పోయావు. ఉద్యోగం కోసమే పోయావని నాన్నకు చెప్పాను. నాన్నతో మాట్లాడటం మానేశావు. ఇప్పుడు ఆయన కంట పడకుండా అటక మీదైనా ఉంటానంటున్నావు.

నాన్న నన్ను తిట్టలేదు. "బిడ్డ పనెక్కువయ్యి నాతో మాట్లాడలేదనుకుంటి గదే" అన్నారు. తర్వాత, "ఈ అటక మీద పడేసేదానికి నా బిడ్డేమన్నా పాత సామానా?" అంటూ దిగిపోయారు.

అన్నం ముట్టలేదు. వీధి గదిలో పేర్చిన ధనియాల మూటలన్నీ హమాలీలతో కలిసి తనూ మోసి గోడౌనుకు పంపించారు. నిన్న సున్నం వేయించారు. లోపలి గడియ వదులుగా ఉందని కొత్తది తెచ్చి తనే బిగించారు. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. అది నాకు తగిందే.

కాబట్టి అటక పనికిరాదు తల్లీ. నువ్వు నన్ను మన్నించకపోయినా రా. స్టేషనుకు తనే వస్తానంటున్నారు. ఏ రైలుకు వస్తున్నావో నాకు చెప్పకు, ఆయనకు ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
నీకు అన్యాయం చేసిన
మీ అమ్మ